నాన్న పేరు మీద ఇంటి పన్ను బాకీ 12,690. అమ్మకు పింఛనే ఆధారం. ఏమైనా తగ్గింపు ఉందా?

బుధవారపేట_బిడ్డ · ఫిబ్రవరి 8, రాత్రి 9.40

అందరికీ నమస్తే. మాది కర్నూలు పాతబస్తీ, బుధవారపేట. నాన్న 2019లో పోయారు. అప్పటి నుంచి అమ్మ ఒక్కతే ఆ ఇంట్లో ఉంటోంది. నేను డోన్‌లో ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఇంటి పన్ను సంగతి అమ్మకు తెలీదు, నేనూ పట్టించుకోలేదు. అది నా తప్పే. మొన్న ఆదివారం వెళ్తే దేవుడి పటం వెనక నోటీసు దోపి ఉంది. అసలు 7,280, వడ్డీ 5,410, మొత్తం 12,690.

అమ్మకు నెలకు వచ్చేది 4,000 పింఛను. అంటే మూడు నెలలు తిండి మానేసి కట్టినా ఇంకా మిగిలేలా ఉంది. మాది పాత మట్టి మిద్దె, కింద బేతంచర్ల బండలు, అంతే. ఇలాంటి వాళ్లకు మున్సిపాలిటీ తరఫున తగ్గింపు పథకం ఏదైనా ఉందా? వాయిదాల్లో కట్టొచ్చా? కొళాయి కట్ చేస్తారని పక్కింటావిడ చెప్పిందట, అమ్మకు అదే టెన్షన్.

వార్డు_కబుర్లు · ఫిబ్రవరి 8, రాత్రి 10.15

అక్కా, ముందు ఒక మాట చెప్పండి. నోటీసులో గానీ వెబ్‌సైట్‌లో గానీ ఇల్లు ఎన్ని చదరపు అడుగులని ఉంది? 375 లోపు ఉండి, సొంత కాపురం అయితే ఏడాదికి పన్ను 50 రూపాయలే. 2021 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతి వచ్చినప్పుడే ఇది పెట్టారు. అర్జీ పెట్టుకునే పథకం కాదు ఇది, రూల్లోనే ఉంది.

బుధవారపేట_బిడ్డ · ఫిబ్రవరి 8, రాత్రి 10.31

ఇప్పుడే చూశాను. 412 అని ఉంది. ముప్పై ఏడు అడుగులు ఎక్కువ 😔

సీక్యాంప్_సుబ్బు · ఫిబ్రవరి 9, ఉదయం 6.50

ఎవరూ అనరు కాబట్టి నేనే అంటాను. ఆరేళ్లు కట్టకుండా ఉండి ఇప్పుడు తగ్గింపు అడగడం ఏంటి? మా అపార్ట్‌మెంటులో మేం ఏటా ఏప్రిల్‌లోనే మొత్తం కట్టేసి 5 శాతం తగ్గింపు తీసుకుంటాం. నూరు మంది కడితేనే వీధి లైటు వెలుగుతుంది. వడ్డీ మాఫీ అన్నారంటే, టైముకు కట్టినవాళ్లను వెర్రివాళ్లను చేసినట్టే. 2025 మార్చి చివర్లో సగం వడ్డీ మాఫీ ఇచ్చారు. కట్టినోడికి ఏమిచ్చారు? సున్నా.

పాతరశీదు · ఫిబ్రవరి 9, ఉదయం 8.05

సుబ్బు గారూ, మీ మాటలో సగం నిజం ఉంది. మాఫీ ఆశ చూపితే జనం మార్చి 31 దాకా కూర్చుంటారు, కౌంటర్లో కూర్చున్నవాడిగా నేను చూసినదే. మిగతా సగం కూడా వినండి.

నేను బిల్లు కలెక్టరుగా చేసి రిటైరయ్యాను. ఏ ఏ ఊళ్లో అనేది వద్దు. మార్చి నెలలో మా సైకిళ్లు పేదవాళ్ల వీధుల్లోనే ఎక్కువ తిరిగేవి, ఎందుకంటే అక్కడే వసూలయ్యేది. పెద్ద బాకీదారు గేటు దగ్గర కుక్క ఉంటుంది, అది దాటితే కోర్టు స్టే ఉంటుంది. పాత మిద్దె ఇంటి ముసలమ్మ మాత్రం కొంగు ముడి విప్పి రెండొందలు ఇచ్చి, మిగతాది వచ్చే వారం అనేది. వచ్చే వారం నిజంగానే ఇచ్చేది కూడా.

అమ్మాయీ, నీ బిల్లు ఎలా అంత అయిందో చెబుతాను. ఏడాదికి రెండు బిల్లులు, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి ఒకటి. గడువు దాటితే నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ. ఏడాదికి 24. బజారులో వడ్డీ వ్యాపారి తీసుకునేదీ అదే రెండు రూపాయలు! మునుపు అద్దె విలువ మీద పన్ను వేసేవారు. ఇప్పుడు రిజిస్ట్రేషన్ ఆఫీసు లెక్క ప్రకారం స్థలం విలువ, కట్టడం విలువ కలిపి దాని మీద వేస్తున్నారు. ఒక్కసారే మోత మోగకుండా ఏటా పెంపు 15 శాతం దాటకూడదని పెట్టారు. అందుకే నీ బిల్లు ఏటా కొంచెం కొంచెం పాకి ఉంటుంది. దాని మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను.

స్థలం విలువ పెరిగిందంటే మీ అమ్మ ఆదాయం పెరిగినట్టు కాదు కదా. ఈ పద్ధతిలో నాకు గుచ్చుకునేది అదే. బుధవారపేటలో గజం ధర ఎంతయితే ఆమెకేం? ఆమె అమ్ముకుంటుందా?

ఓర్వకల్లు_టు_లెస్టర్ · ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 2.20

నేను ఇంగ్లాండ్‌లో ఉంటున్నాను కాబట్టి ఇక్కడి సంగతి చెబుతాను, పోల్చుకోడానికి పనికొస్తుంది. ఇక్కడ కౌన్సిల్ ట్యాక్స్ అంటారు. ఇంటి యజమాని కాదు, ఇంట్లో ఉండేవాళ్లు కట్టాలి, అద్దెకున్నా సరే. ఇళ్లను ఎ నుంచి హెచ్ దాకా బ్యాండ్లు చేశారు. ఆ బ్యాండ్ ఇప్పటికీ 1991 ఏప్రిల్ 1 నాటి ధర ప్రకారమే. నవ్వొస్తుంది గానీ నిజం.

ఇంట్లో పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు ఒక్కరే ఉంటే బిల్లులో 25 శాతం తగ్గిస్తారు. బుధవారపేట అక్క వాళ్ల అమ్మ ఇక్కడుంటే ముందు ఆ పావు వంతు పోయేది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ అని ఉంది, 2013 ఏప్రిల్ నుంచి. పింఛను వయసు దాటినవాళ్లకు దేశమంతా ఒకే రూలు, ఆదాయం బాగా తక్కువైతే మొత్తం బిల్లు కూడా పోవచ్చు. పని చేసే వయసు వాళ్లకు మాత్రం ఏ కౌన్సిల్ లెక్క ఆ కౌన్సిల్‌దే. ఒక చోట పూర్తిగా తగ్గిస్తే, పక్క కౌన్సిల్లో ఎంత బీదవాడైనా కొంత కట్టాల్సిందే అంటారు. ఇవన్నీ అయినా కట్టలేనివాళ్లు కష్టం చెప్పుకొని విడిగా అర్జీ పెడితే, కౌన్సిల్ తన విచక్షణతో ఇంకా తగ్గించే వీలు 1992 చట్టంలోనే పెట్టారు.

అలాగని స్వర్గమేం కాదు. బిల్లు మామూలుగా పది వాయిదాల్లో వస్తుంది. ఒక వాయిదా తప్పితే ఏడు రోజుల గడువుతో ఉత్తరం. అప్పుడూ కట్టకపోతే వాయిదాల సౌకర్యం తీసేసి ఏడాది మొత్తం ఒకేసారి కట్టమంటారు. తర్వాత కోర్టు సమన్లు, ఆ ఖర్చు కూడా మన నెత్తినే. మా ఇంటి పక్కన ఒకావిడ నాలుగు వారాలు ఆ కవరు విప్పకుండా పెట్టుకుంది. మీ అమ్మ దేవుడి పటం వెనక దోపినట్టే.

డోన్_డల్లాస్ · ఫిబ్రవరి 9, సాయంత్రం 6.02

టెక్సస్‌లో ఇంకో పద్ధతి ఉంది. 65 దాటినవాళ్లు ఉంటున్న సొంతింటికి పన్ను వాయిదా కోరవచ్చు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ వసూలు ఆపుతారు. ఇల్లు చేతులు మారినప్పుడో, మనిషి పోయాకనో కట్టాలి. బాకీ మీద వడ్డీ ఏడాదికి 5 శాతం. 24 కాదు, 5!

సీక్యాంప్_సుబ్బు · ఫిబ్రవరి 9, సాయంత్రం 6.40

టెక్సస్‌లో పన్ను ఎంతో కూడా చెప్పు తమ్ముడూ. మన పన్నులు దాని ముందు చిల్లర.

డోన్_డల్లాస్ · ఫిబ్రవరి 9, సాయంత్రం 6.44

అదీ నిజమే అన్నా 😅

కల్లూరు_కుర్రాడు · ఫిబ్రవరి 9, రాత్రి 8.30

బయటి దేశాలు తర్వాత. మా ఇంటి గోల వినండి. పెదనాన్న, నాన్న, బాబాయ్ ముగ్గురూ ఒకే ఆవరణలో వేరు వేరు వాకిళ్లతో ఉంటారు. వంటలు వేరు, రేషన్ కార్డులు వేరు, కరెంటు మీటర్లు వేరు. ఇంటి పన్ను నంబరు మాత్రం ఒకటే, ఇప్పటికీ తాత పేరు మీదే. మొత్తం 1,140 చదరపు అడుగులు. పెదనాన్న పోయాక పెద్దమ్మ పింఛనుకు పెట్టుకుంటే, పట్టణంలో వెయ్యి అడుగులు దాటిన ఆస్తి ఉందని ఆపేశారు. ఆమెకు ఉన్నది రెండు గదులు! పన్ను సంగతి దేవుడెరుగు, పింఛను కూడా ఆ కొలతకే వేలాడుతోంది.

వార్డు_కబుర్లు · ఫిబ్రవరి 9, రాత్రి 8.52

తమ్ముడూ, దీనికి విభజన చేయించాలి. ఒక అసెస్‌మెంటును, అంటే ఒకే పన్ను నంబరును, మూడు చేయడం. ముగ్గురి మధ్య పారీఖత్తు, అంటే ఆస్తి పంపకాల పత్రం, రిజిస్టరు అయి ఉందా?

కల్లూరు_కుర్రాడు · ఫిబ్రవరి 9, రాత్రి 9.10

స్టాంపు కాగితం మీద పెద్దమనుషుల ముందు రాసుకున్నది ఉండేది. 2009 అక్టోబరు వరదలో అప్పుడున్న పాత ఇంట్లో ట్రంకు పెట్టెతో సహా పోయింది. రిజిస్టరు చేయలేదు. ఇంకో తమాషా చెప్పనా? 1,140ని ముగ్గురికీ సమానంగా పంచితే తలా 380. 50 రూపాయల పన్నుకు ఐదు అడుగులు ఎక్కువ 🤦

ఓర్వకల్లు_టు_లెస్టర్ · ఫిబ్రవరి 9, రాత్రి 9.15

ఆ ఐదడుగులు గోడ చెక్కేయండి 😂

పాతరశీదు · ఫిబ్రవరి 10, ఉదయం 7.30

నవ్వులాటగా అన్నారు గానీ అసలు విషయం ఆ గోడలోనే ఉంది. అందరూ జాగ్రత్తగా చదవండి.

కొలత వేసేది ప్లింత్ ఏరియా. అంటే గోడ బయటి అంచు నుంచి బయటి అంచుకు. కొత్త ఇంటికి గోడ తొమ్మిది అంగుళాలో, నాలుగున్నరో. మన పాత మట్టి మిద్దెలకు ఒకటిన్నర అడుగు, కొన్నింటికి రెండడుగులు. బయట ఇరవై ఇరవై ఉన్న ఇల్లు 400 అడుగులు. గోడలు ఒకటిన్నర అడుగు తీసేస్తే లోపల పదిహేడు పదిహేడు, అంటే 289. మనిషి కాపురం ఉండేది 289లో, పన్ను కట్టేది 400కి. పలచటి గోడల కొత్త ఇల్లయితే అంతే కాపురానికి 375 లోపే తేలిపోయేది. రూలు రాసినవాళ్లు మట్టి గోడను తలచుకొని ఉండరు.

ఇంకా చూడండి. పేదల కాలనీల్లో ప్రభుత్వం ఇచ్చిన ఇళ్లు 340 అడుగులు, దర్జాగా 375 గీత లోపల. జగన్నాథగట్టు మీద ప్రభుత్వం కట్టించిన టిడ్కో అపార్ట్‌మెంట్ల లాంటివి మూడు రకాలు, 300, 365, 430. మొదటి రెండూ లోపల, మూడోది బయట. 430లో ఉన్నవాడు 365లో ఉన్నవాడికన్నా ధనికుడా? ఆటో తోలేవాళ్లే ఇద్దరూ. ఆదాయం అడిగే చోటు పన్ను కాగితంలో ఎక్కడా లేదు, టేపు పెట్టి కొలవడమే. కాబట్టి సాయం కావాలంటే టేపు దగ్గరే అడగాలి.

అమ్మాయీ, ఇప్పుడు చెప్పు. ఆ 412 ఎప్పటి కొలత? అందులో రేకుల పంచ ఏదైనా కలిపారా? తర్వాత కూలిపోయింది, తీసేసింది ఏమైనా ఉందా?

బుధవారపేట_బిడ్డ · ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 1.05

సార్!! ఉంది. వెనక చిన్న గది ఉండేది, కట్టెలు, పిడకలు పెట్టుకునేది. నాన్న పోయిన మరుసటి ఏడాది వానలకు కూలింది. ఇప్పుడక్కడ కరివేపాకు చెట్టు ఉంది. మేమెవరికీ చెప్పలేదు, చెప్పాలని కూడా తెలీదు.

పాతరశీదు · ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 1.40

అదీ సంగతి. కూలినదాన్ని లెక్కలోంచి తీయించమని అర్జీ పెట్టాలి. మీ వార్డు సచివాలయంలో పరిపాలన కార్యదర్శి ఉంటారు, పన్నుల పని వాళ్లదే. ఫొటోలు తీసుకెళ్లు, ఆ ఖాళీ జాగా, చెట్టు కనబడేలా. కార్యదర్శి వచ్చి కొలుస్తారు. మీ అమ్మను దగ్గరుండి చూడమను, టేపు చివర ఎక్కడ పెడుతున్నారో కళ్లతో చూడాలి. ఇచ్చిన అర్జీకి రశీదు నంబరు తప్పకుండా తీసుకో. పని కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో సునయన ఆడిటోరియంలో అర్జీలు తీసుకుంటారు, అక్కడ ఇవ్వు.

ఒకటి మాత్రం ముందే చెబుతున్నా, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. కొలత తగ్గినా అది ముందుకే పనిచేస్తుంది. వెనకటి బాకీ బాకీయే. గది కూలిన రోజు నుంచి తగ్గించమని రాయి, రాయడంలో తప్పు లేదు. కానీ దాని మీద ఆశ పెట్టుకోకు.

సీక్యాంప్_సుబ్బు · ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 2.15

ఈ సలహా బాగుంది. లేని గదికి పన్ను ఎవరూ కట్టక్కర్లేదు. నేను మాఫీకి వ్యతిరేకం గానీ సరైన కొలతకు కాదు.

ఇంకో మాట అక్కా. వడ్డీ మాఫీ ఈసారీ వస్తుందేమోనని ఆగొద్దు. 2025లో వచ్చింది కాబట్టి మళ్లీ వస్తుందని రాసిపెట్టి లేదు. వచ్చినా మీకు మిగిలేది 5,410లో సగం, 2,705. రాకపోతే నెల నెలా రెండు రూపాయలు ఎక్కుతూనే ఉంటుంది. మీ అమ్మ డ్వాక్రా సంఘంలో ఉంటే అక్కడ తీసుకొని కట్టేయండి, ఆ వడ్డీ ఇంతకన్నా చాలా తక్కువ.

బుధవారపేట_బిడ్డ · ఫిబ్రవరి 10, రాత్రి 9.00

సుబ్బన్నా, నిన్న మీ మాటకు బాధపడ్డాను. ఇవాళ్టి మాటకు థాంక్స్. అమ్మ సంఘంలోనే ఉంది. అడిగి చూస్తాం. మొత్తం ఒకేసారి కాకుండా కొంచెం కొంచెం కట్టొచ్చా?

పాతరశీదు · ఫిబ్రవరి 10, రాత్రి 9.25

మా కాలంలో కౌంటర్లో ఇచ్చినంత తీసుకొని, అన్నిటికన్నా పాత అర్ధ సంవత్సరం నుంచి జమ వేసేవాళ్లం. ఇప్పుడు కౌంటర్లో అడుగు. ఎంత కట్టినా కంప్యూటరు రశీదు లేకుండా చేతికి డబ్బు ఇవ్వొద్దు. రేపు ఇస్తా, బుక్కు అయిపోయింది అంటే, రేపే డబ్బిస్తానను.

కల్లూరు_కుర్రాడు · ఫిబ్రవరి 11, ఉదయం 10.10

పెద్దాయనా, మా సంగతి మర్చిపోయారు.

పాతరశీదు · ఫిబ్రవరి 11, ఉదయం 11.45

మర్చిపోలేదు నాయనా, మీది పెద్ద పని. వరదలో పోయిన కాగితం రిజిస్టరు కాలేదు కాబట్టి నకలు దొరకదు. మీ తాత వారసులందరూ, ఆడపిల్లలతో సహా, కూర్చొని మళ్లీ పారీఖత్తు రాసుకొని రిజిస్టరు చేయించుకోవాలి. మీ మేనత్తలు ఉన్నారా? వాళ్లను వదిలేసి రాయిస్తే రేపు అది చిత్తు కాగితం. తర్వాత తాత పేరు నుంచి పేరు మార్పిడి, ఆ పైన విభజన. పాత బాకీ సున్నా చేస్తే గానీ ఇవేవీ కదలవు. డబ్బు లేనివాడికి తగ్గింపు కావాలంటే ముందు డబ్బు కట్టాలి, ఇదొక ముడి.

ఇక ఆ 380 గురించి. సమానంగా పంచినట్టు మీరు లెక్క వేశారు గానీ భాగాలు అలా ఉండవు. మీ పెద్దమ్మవి రెండు గదులే అన్నావు. అవి విడిగా కొలిస్తే ఎంతో చూడు. 375 లోపు తేలితే పన్ను 50 రూపాయలు, వెయ్యి అడుగుల అడ్డూ తొలగుతుంది. పన్నుకన్నా నెలకు 4,000 పింఛను పెద్దది, ఖర్చు పెట్టి అయినా ఆ పని చేయించండి. ప్లాను లేకుండా కట్టిన గది ఏదైనా ఉంటే మాత్రం జాగ్రత్త. కొత్తగా కొలిచేటప్పుడు అది బయటపడితే దాని పన్ను మీద పెనాల్టీ పడుతుంది, నూటికి నూరు దాకా.

కల్లూరు_కుర్రాడు · ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 12.20

బాబాయ్ మేడ మీద రేకుల గది వేశాడు. ఇంట్లో ఈ మాట ఎలా ఎత్తాలో ఏమో. మేనత్తలు ఇద్దరు, ఒకరు ఆదోని, ఒకరు బళ్లారి.

వేదిక_నిర్వాహకుడు · ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 3.00

కొందరు అసెస్‌మెంట్ నంబరు, డోర్ నంబరు కనబడేలా నోటీసు ఫొటోలు పెట్టారు, తీసేశాను. పన్ను తగ్గించి పెడతామంటూ ఎవరైనా మీకు విడిగా మెసేజ్ పెడితే నమ్మకండి, నాకు చెప్పండి.

బుధవారపేట_బిడ్డ · మార్చి 14, రాత్రి 8.15

ఎలా అయిందో చెప్పమని కొందరు అడిగారు. కార్యదర్శి రెండో వారంలో వచ్చారు. చిన్న వయసు అమ్మాయి, ఓపిగ్గా కొలిచింది. వెనక గది తీసేస్తే 361 వచ్చింది. అమ్మ టీ ఇస్తే వద్దంది, కరివేపాకు రెబ్బలు మాత్రం తీసుకెళ్లింది. అర్జీ ఆన్‌లైన్‌లో ఎక్కింది, మంజూరైతే రాబోయే బిల్లు నుంచి 50 రూపాయల లెక్కలోకి వస్తాం. పాత బాకీలో మాత్రం పైసా తగ్గలేదు, సార్ చెప్పినట్టే. సంఘం నుంచి 6,000, నా జీతంలో 2,000 పెట్టి కట్టాం. రశీదు వచ్చింది. ఇంకా 4,690 ఉంది, దాని మీద వడ్డీ. నాన్న పేరు మార్చడం అది తీరాకే. కొళాయి జోలికి ఎవరూ రాలేదు.

కల్లూరు_కుర్రాడు · మార్చి 14, రాత్రి 8.40

అక్కా, టేపు గోడ బయట పెట్టారా, లోపల పెట్టారా?

బుధవారపేట_బిడ్డ · మార్చి 14, రాత్రి 8.43

బయటే తమ్ముడూ. అమ్మ పక్కనే నిలబడి చూసింది.